వెట్టిచాకరీ లేదని సప్లయర్ సంతకం పెడితే సరిపోతుందా? ఇటుక బట్టీలు చూసిన అనుభవంతో నా సమాధానం

మీరు అడిగింది టూకీగా ఇది. హైదరాబాద్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పర్చేజ్ చూస్తున్నారు. ఆఫీసు టవర్ కట్టించుకుంటున్న విదేశీ క్లయింటు "మీ సప్లయర్లలో ఎక్కడా వెట్టిచాకరీ గానీ, మనుషుల అక్రమ రవాణా గానీ లేదని రాసివ్వండి" అన్నారు. ఇటుక, ఇసుక, కంకర, లేబర్ అన్నీ కలిపి మీకు ఓ అరవై మంది సప్లయర్లు. అందరి చేతా ఒక డిక్లరేషన్ మీద సంతకం పెట్టించి ఫైల్లో పెట్టుకుంటే చాలా, ఇంకేమైనా చేయాలా?

చాలదండి. ఆ కాగితం మిమ్మల్ని కాపాడదు, బట్టీలో ఉన్న మనిషిని అసలే కాపాడదు. మీరు చేయాల్సింది రెండు పనులు. ఒకటి, అరవై మందినీ ఒకేలా చూడటం మానేసి ప్రమాదం ఎక్కువగా ఉన్నచోట, మీ విషయంలో ఇటుకల దగ్గర, మొదలుపెట్టండి. రెండు, అక్కడ పనిచేసేవాళ్లు ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, ఎవరి చేతి మీదుగా తీసుకున్నారు, అది ఎలా కోత పడుతోంది అన్న లెక్క పట్టుకోండి. మిగతా ప్రశ్నలన్నీ దాని తర్వాతే.

నేను పదహారేళ్లుగా సప్లయర్ల దగ్గర లేబర్ ఆడిట్లు చేస్తున్నాను. అంతకుముందు ఒక లేబర్ కాంట్రాక్టర్ ఆఫీసులో మస్టర్లు, అంటే కూలీల హాజరు రిజిస్టర్లు, రాసేవాణ్ణి. అంటే తప్పుడు రిజిస్టర్ ఎలా తయారవుతుందో రాసే వైపు నుంచి కూడా తెలుసు.

ఇటుకలతోనే ఎందుకు మొదలుపెట్టమంటున్నానంటే, మన రాష్ట్రంలో పెద్దపల్లి, సంగారెడ్డి, యాదాద్రి భువనగిరి, రంగారెడ్డి వైపు బట్టీల్లో పచ్చి ఇటుక కోసేవాళ్లలో ఎక్కువమంది పడమటి ఒడిశా నుంచి వస్తారు. బలాంగీర్, నువాపడా, బర్గఢ్, కలహండి జిల్లాలు. అక్కడ భాద్రపదంలో నువాఖాయి పండుగ, అంటే కొత్త బియ్యం పండుగ, అయ్యాక సర్దార్లు, అంటే కూలీలని కుదిర్చే దళారులు, ఊళ్లలో తిరిగి అడ్వాన్సుగా డబ్బు పంచుతారు. పెళ్లి ఖర్చో, ఆస్పత్రి బిల్లో, ఇంటి కప్పో, ఏదో ఒక అవసరం ఉండనే ఉంటుంది. దసరా, దీపావళి దాటాక కాంటాబాంజీ స్టేషన్లో రైలెక్కుతారు. డబ్బు ఒక్కడికి కాదు, ఒక జట్టుకి ఇస్తారు: మొగుడు, పెళ్లాం, పక్కన ఒక పిల్లాడో పిల్లో. ఆ జట్టుని 'పథురియా' అంటారు. వానలు పడేలోపు, అంటే మే, జూన్ దాకా, వెయ్యి ఇటుకలకి ఇంత అని లెక్కగట్టి ఆ అడ్వాన్సుని తీర్చాలి.

దీన్నిబట్టి ఒక సంగతి గమనించండి. బట్టీకి చేరేసరికే ముడి పడిపోయింది. మనం వెళ్లి గేటుకి తాళం ఉందా, ఎవరినైనా కొడుతున్నారా అని వెతుకుతాం. చాలాచోట్ల ఆ రెండూ ఉండవు. అవసరమే ఉండదు. అప్పు తీరకుండా వెళితే ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఇంటికి సర్దార్ వెళ్తాడని ఆ మనిషికి తెలుసు. అడ్వాన్సు గొడవ ఎంతదాకా పోతుందో తెలియాలంటే 2013 డిసెంబర్ గుర్తు చేసుకోండి. అడ్వాన్సు తీసుకున్న జట్టులో మిగతావాళ్లు తప్పించుకుపోయారని, దొరికిన ఇద్దరు కలహండి కూలీల కుడిచేతులు కాంట్రాక్టర్ మనుషులు నరికేశారు. ఆ కేసుని సుప్రీంకోర్టే స్వయంగా తీసుకుంది.

"వాళ్లంతట వాళ్లే వచ్చారు సార్, డబ్బు తీసుకుని వచ్చారు, బలవంతం ఎక్కడుంది?" ఓనర్ మీతో ఈ మాట అంటాడు. నిజంగానే నమ్మి అంటాడు. చట్టం అలా చూడదు. 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడలు) పనుల కూలీల కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, గతిలేక కనీస వేతనం కన్నా తక్కువకి పనిచేసినా అది రాజ్యాంగం 23వ అధికరణం కింద బలవంతపు చాకిరీయే. ఫరీదాబాద్ రాతి క్వారీల కేసులో ఇంకో అడుగు వేసింది: చేసేది బలవంతపు చాకిరీ అని తేలితే, దాని వెనక అడ్వాన్సు ఉందనే అనుకోవాలి, లేదని చూపించాల్సింది యజమానే. 1976 వెట్టిచాకరీ నిర్మూలన చట్టం ప్రకారం అలాంటి అప్పు రద్దయినట్టే. దాన్ని మళ్లీ వసూలు చేసినా మూడేళ్ల వరకు జైలు.

మరి అడ్వాన్సు తీసుకున్న ప్రతివాడూ వెట్టివాడేనా? కాదు. మన పాలమూరు వాళ్లు గుంపు మేస్త్రీల దగ్గర అడ్వాన్సులు తీసుకుని ప్రాజెక్టులు, కాలవలు ఎక్కడ తవ్వితే అక్కడికి పోయినవాళ్లే. కొందరు ఆ డబ్బుతో పొలం కొన్నారు, కొందరు అదే అప్పులో ముసలివాళ్లయ్యారు. నేను తేడా చూసేది ఒక్క ప్రశ్నతో: ఈ మనిషి రేపు పొద్దున వెళ్లిపోతానంటే ఏమవుతుంది? "మిగిలింది వచ్చే ఏడాది ఇస్తాడు" అన్నది జవాబైతే ఒక రకం. "ఎట్లా పోతాడు సార్" అని నవ్వితే ఇంకో రకం.

ఇక నా తప్పు ఒకటి చెప్తాను, మీకు పనికొస్తుంది. ఆడిట్లలో దిగిన మూడో ఏడాది అనుకుంటా, సంగారెడ్డి వైపు ఒక బట్టీ చూశాను. వేతనాల రిజిస్టర్ ఉంది. ఆధార్ జిరాక్సులున్నాయి. ప్రతి ఒక్కరికీ బ్యాంకు ఖాతా. తాగునీళ్లు, మరుగుదొడ్డి, గోడ మీద హెల్ప్‌లైన్ నంబర్. పదిమంది కూలీలతో మాట్లాడాను. నాకొచ్చిన హిందీలో అడిగితే పక్కనున్న వాడొకడు వాళ్ల భాషలోకి మార్చి చెప్పాడు. అందరూ బాగుందన్నారు. పాస్ చేశాను. ఏప్రిల్‌లో అదే బట్టీ నుంచి అధికారులు కుటుంబాలని విడిపించారు. పాస్‌బుక్కులు, ఏటీఎం కార్డులు బట్టీ లెక్కలు రాసే మున్షీ బల్ల సొరుగులో దొరికాయి. నాకు అనువాదం చేసిపెట్టినవాడే సర్దార్.

రిజిస్టర్ ఫోటోలు నా దగ్గరే ఉండిపోయాయి. మళ్లీ తీసి చూస్తే నాలుగు నెలల వేలిముద్రలు ఒకే ఇంకు గాఢతతో, ఒకే వరసలో ఉన్నాయి. ఒక్క కూర్చోవడంలో వేయించినవి. మస్టర్లు రాసిన నాకే అది కనపడలేదంటే, కాగితం చక్కగా ఉంటే మనం ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటామో చూడండి.

అప్పటినుంచి నేను పాటించేవి, మీ మనుషులకి కూడా చెప్పండి.

హిందీ సరిపోదు. వాళ్లది సంబల్పురి. ఆ భాష వచ్చిన మనిషి, వీలైతే ఆడమనిషి, ఓనర్ పెట్టినవాళ్లు కాకుండా మీరు తెచ్చుకున్నవాళ్లు ఉండాలి. ఆడవాళ్లతో విడిగా మాట్లాడాలి. డబ్బు లెక్క మగవాళ్లకి తెలుస్తుంది, మిగతా అన్ని లెక్కలూ ఆడవాళ్లకే తెలుస్తాయి.

కార్డు చూపించమనండి. "బ్యాంకులో వేస్తున్నారా?" అని అడగొద్దు, అవుననే అంటారు. "ఏటీఎం కార్డు ఏదీ?" అనండి. గుడిసెలోకెళ్లి తెచ్చేవాడు వేరు, ఆఫీసు వైపు చూసేవాడు వేరు.

సంతకి ఎవరెళ్తారో అడగండి. వారం వారం ఖర్చీ డబ్బులిస్తారు, సరుకుల కోసం. కుటుంబం మొత్తం కలిసి వెళ్తోందా, లేక ఇంటికొకరు మాత్రమే వెళ్లి మిగతావాళ్లు బట్టీలోనే ఉండిపోవాలా? మనిషిని పూచీగా పెట్టుకోవడం ఇక్కడే బయటపడుతుంది. నాకు తెలిసి ఏ ఆడిట్ ఫారంలోనూ ఈ ప్రశ్న ఉండదు.

ఇటుకలని మనుషులతో భాగించండి. రిజిస్టర్లో ఒక్క మగాడి పేరే ఉంటుంది. అతని ఎదురుగా రోజుకి వెయ్యి, పదిహేను వందల ఇటుకలు రాసి ఉంటాయి. మట్టి తొక్కి, ముద్ద చేసి, అచ్చు వేసి, తిప్పి ఆరబెట్టి అన్నీ ఒక్కడే చేస్తే అన్ని ఇటుకలు కావు. అది నేను చూసినంతలో ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్లాడు తెల్లవారుజాము నుంచి చేస్తే అయ్యే పని. అంటే ఒక్కడి పేరు మీద ముగ్గురి పని నడుస్తోంది, మిగతా ఇద్దరూ లెక్కలోంచి మాయమవుతున్నారు. ఇటుక తిప్పడానికి పిల్లల చేతులు వాడతారు, బరువు తక్కువ కాబట్టి పచ్చి ఇటుక మీద నడిచినా అది చెదరదని. బడి ఉందని ఓనర్ చూపిస్తే హాజరుపట్టీ కాదు, పొద్దున ఆరింటికి ఇటుకలు ఆరబెట్టే కళ్లం చూడండి.

వెళ్లే సమయం కూడా ముఖ్యం. అందరూ ఆర్థిక సంవత్సరం ముగింపని మార్చిలో ఆడిట్ పెడతారు. నేనైతే డిసెంబర్‌లో ఒకసారి, హిసాబు, అంటే సీజన్ చివరి లెక్క, చేసే మే నెలలో ఒకసారి వెళ్తాను. అకాల వానకి కరిగిపోయిన పచ్చి ఇటుకలు ఎవరి ఖాతాలో పడ్డాయో మేలోనే తెలుస్తుంది. చాలాచోట్ల కూలీ ఖాతాలోనే పడతాయి. అలా మిగిలిన బాకీయే వచ్చే ఏడాది మళ్లీ రైలెక్కిస్తుంది.

ఇంతకీ మీ ఇటుకలు ఏ బట్టీవో మీకు తెలుసా? బహుశా తెలియదు. మీరు కొనేది సప్లయర్ దగ్గర, ఆయన కొనేది ఆ వారం ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ. లారీ ఓనర్‌ని అడిగితే నీళ్లు నములుతాడు. దీనికో తేలిక మార్గం ఉంది. సైట్లో ఇటుకల కుప్ప దగ్గరికెళ్లి ఒక్కో ఇటుకా తిప్పి చూడండి. చాలా బట్టీలవాళ్లు మధ్యలో పేరు పొడి అక్షరాలు అచ్చు వేస్తారు. ఎన్ని రకాల అక్షరాలుంటే కనీసం అన్ని బట్టీలన్నమాట. ఒక సైట్లో సప్లయర్ "రెండే బట్టీలు సార్" అంటే కుప్పలో ఐదు రకాల అచ్చులు దొరికాయి నాకు. ఆ ఫోటోలు ఆయన ముందు పెట్టాక జాబితా అదే వచ్చింది.

ఇప్పుడు మీకు నచ్చని మాట. మీ పర్చేజ్ ఆర్డర్ కూడా ఈ కథలో ఒక పాత్ర. మీరు ఎన్ని రోజుల క్రెడిట్ తీసుకుంటున్నారు? తొంభై? బట్టీ ఓనర్ నువాఖాయికి ముందే ఫైనాన్షియర్ దగ్గర వడ్డీకి తెచ్చి అడ్వాన్సులు పంచాడు. మీ డబ్బు తొంభై రోజులకి గానీ రాదు. అతను కూలీలకి వారంవారం పూర్తి కూలి ఎక్కణ్ణుంచి ఇస్తాడు? ఖర్చీ ఇచ్చి మిగతాది సీజన్ చివరికి నెడతాడు. కూలి ఆపడం, అప్పులో కట్టేయడం, ఈ రెండూ అంతర్జాతీయ కార్మిక సంస్థ బలవంతపు చాకిరీకి చెప్పిన 11 గుర్తుల్లో ఉన్నవే. ఓనర్లని వెనకేసుకు రావడం లేదు. నేను చూసినవాళ్లలో దుర్మార్గులున్నారు, చాలామంది మాత్రం అప్పుల్లో ఉన్న చిన్న వ్యాపారులు. అలాగని ఆ గుడిసెలో ఉన్నవాళ్లకి ఒరిగేదేమీ లేదు.

కాబట్టి రేటు బేరం ఆడేముందు ఒక లెక్క వేయండి. ఇటుక ధరలోంచి మట్టి, బొగ్గు, ఊక, లారీ, ఓనర్ లాభం తీసేయండి. మిగిలినదాన్ని ఆ ఇటుక మీద పనిచేసిన మనుషుల గంటలకి పంచండి. కనీస వేతనం రాకపోతే ఆ రేటుకి వెట్టి లేని ఇటుక దొరకదు. సప్లయర్ ఎన్ని సంతకాలు పెట్టినా సరే.

నేను పనిచేసిన ఒక బిల్డర్ దగ్గర ఇలా మార్చాం. నాలుగు బట్టీలతో నేరుగా ఒప్పందం. సీజన్ మొదట్లో కొంత డబ్బు ముందే, మిగతాది పదిహేను రోజుల్లో. దానికి బదులుగా ఓనర్లు ఒప్పుకున్నవి: కూలి పదిహేను రోజులకోసారి ఖాతాలోకి, మొగుడికి పెళ్లానికి వేర్వేరుగా, అడ్వాన్సు నెల కూలికి మించకూడదు, వడ్డీ లేదు, మధ్యలో వెళ్లిపోతే మిగిలింది అడగకూడదు, వాన నష్టం ఓనర్‌దే. రెండు బట్టీలు బాగా నడిచాయి. ఒకటి మధ్యలో తప్పుకుంది. నాలుగోదాంట్లో లెక్కలన్నీ సరిగ్గా ఉన్నా, సర్దార్ ఊళ్లో జట్టుకింత అని కమీషన్ గుంజుతూనే ఉన్నాడని తర్వాత తెలిసింది. దాన్ని నేను ఆపలేకపోయాను. ఇక్కడ కూర్చుని కాంటాబాంజీలో జరిగేది ఆపడం కష్టం. కనీసం కమీషన్ ఓనరే కట్టాలని, కూలీ నుంచి పైసా తీసుకోకూడదని ఒప్పందంలో రాయండి, వచ్చిన ప్రతి జట్టునీ అది అడగండి.

అడ్వాన్సులే పూర్తిగా నిషేధిస్తామని కొన్ని కంపెనీలు రాసుకుంటాయి. చూడ్డానికి బాగుంటుంది. ఆ డబ్బు అవసరం పోదు కదా. ఊళ్లో సాహుకారు దగ్గర తెస్తారు, మీ రిజిస్టర్లో కనపడదు, అంతే తేడా. చిన్నదిగా, కాగితం మీద, వదిలేసి వెళ్లే హక్కుతో ఉన్న అడ్వాన్సే నయం.

వెతికాక నిజంగా దొరికితే? ఆర్డర్ వెంటనే రద్దు చేయకండి. ఇది అందరూ చేసే తప్పు. ఒక కంపెనీ అలాగే చేసింది, పత్రికల్లో పేరొస్తుందని టెన్షన్‌తో. రెండు రాత్రుల్లో కూలీలందరినీ లారీల్లో ఎక్కించి పంపేశారు. చేతిలో రూపాయి లేదు, ఊళ్లో బాకీ అలాగే ఉంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు మరుసటేడు వాళ్లు అంతకన్నా అధ్వానమైన చోటికి వెళ్లారు. బాకీ రద్దు కావాలంటే విడుదల పత్రం కావాలి. అది ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు, లేదా సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు. కాబట్టి ముందు కలెక్టరేట్‌కి రాతపూర్వకంగా తెలియజేయండి. పిల్లలుంటే 1098, ప్రాణాపాయమైతే 112. ఓనర్‌కి మాత్రం ముందుగా చెప్పకండి. విడుదల పత్రం ఉన్నవాళ్లకి కేంద్ర పథకం కింద తక్షణ సాయంగా 30 వేల రూపాయల వరకు, ఆ తర్వాత కేసుని బట్టి 1 లక్ష నుంచి 3 లక్షల వరకు పునరావాసం ఉంది. పెద్ద మొత్తం నేరం రుజువయ్యాకే వస్తుంది, అదే బాధ. అందుకే బట్టీలో ఆగిపోయిన కూలి ఆ రోజే లెక్కగట్టి ఇప్పించడం ముఖ్యం. ఓనర్ దగ్గర లేకపోతే అతనికి మీరు బాకీ ఉన్న బిల్లులోంచి నేరుగా కూలీల ఖాతాల్లోకి వెళ్లేలా అధికారుల ఎదుట రాయించండి. ఇలా చేయడానికి వీలు కల్పించే క్లాజు ఇవాళే మీ ఒప్పందంలో చేర్చుకోవచ్చు.

చట్టాల గురించి ఎక్కువ రాయను. మీ క్లయింటు ఈ కాగితం అడగడానికి కారణం, వాళ్లది ఏ దేశమో దాన్నిబట్టి, సప్లయర్ల దగ్గరి చాకిరీ గురించి చెప్పే బ్రిటన్ 2015 చట్టమో, ఆస్ట్రేలియా 2018దో, 2023 నుంచి అమలైన జర్మనీదో అయ్యుంటుంది. ఇండియాలో లిస్టయిన పెద్ద కంపెనీ అయితే వ్యాపార బాధ్యత గురించి సెబీ అడిగే బీఆర్‌ఎస్‌ఆర్ నివేదిక కూడా ఉంటుంది. అమెరికా కార్మిక శాఖ బాలకార్మిక, బలవంతపు చాకిరీ సరుకుల జాబితాలో ఇండియా ఇటుకలు ఉన్నాయి కాబట్టి, "మా దగ్గర అలాంటిదేమీ లేదు" అని రాస్తే చదివేవాడు నమ్మడు. తమాషా ఏంటంటే, బ్రిటన్ చట్టం ప్రకారం "మేము ఏ చర్యా తీసుకోలేదు" అని రాసినా ఆ ప్రకటన చెల్లుతుంది. అబద్ధం రాయడమే ప్రమాదం. మన వైపు 1979 వలస కార్మికుల చట్టం కొత్త లేబర్ కోడ్‌లో కలిసిపోయింది, 1976 వెట్టి చట్టం విడిగానే ఉంది. మీ లాయర్ పాత ఫార్మాట్ ఇస్తే ఈ ఒక్కటి సరిచూసుకోండి.

మీ సొంత సైట్లో ఉన్న లేబర్ క్యాంపు, క్యాంటీన్, సెక్యూరిటీ గార్డులని కూడా వదలకండి. ఎవరి ఆధార్ ఒరిజినల్ ఎవరి దగ్గరుందో ఒక్కసారి చూస్తే చాలు. మన కరీంనగర్, నిజామాబాద్ కుర్రాళ్ల పాస్‌పోర్టులు గల్ఫ్‌లో కంపెనీ దాచుకుంటే మనకి కోపమొస్తుంది. ఇక్కడ సూపర్‌వైజర్ బీరువాలో బిహార్ కుర్రాళ్ల ఆధార్ కార్డులుంటే "జాగ్రత్త కోసం" అంటాం.

క్లయింటుకి మాత్రం 'లేదు' అని రాయకండి. ఇలా రాయండి: "మా ఇటుకలు ఫలానా బట్టీల నుంచి వస్తున్నాయి. ఇన్ని చూశాం, ఇన్ని చూడాలి. ఇన్నిచోట్ల కూలి ఆగిపోయినట్టు తేలింది, ఫలానా తేదీలోపు ఇప్పిస్తున్నాం. మా చెల్లింపు గడువు తొంభై రోజుల నుంచి పదిహేనుకి తగ్గిస్తున్నాం." ఆఖరి వాక్యానికి మీ ఫైనాన్స్ వాళ్లు ఒప్పుకోరు. వాళ్లని ఒకసారి డిసెంబర్‌లో బట్టీకి తీసుకెళ్లండి, పొద్దున ఆరింటికి.

ముందు కుప్పలో అచ్చులు లెక్కపెట్టండి. ఎన్ని తేలాయో ఇక్కడే రాస్తే, ఏ బట్టీ ముందు చూడాలో చెప్తాను.